ఒకే లాట్, రెండు రిపోర్టులు: సాధారణ మొక్కజొన్న విత్తనంలో జీఎం జాడ తేల్చిన కేసు

మా దగ్గరికి వచ్చేసరికే ఆ లాట్‌కు రెండు రిపోర్టులున్నాయి. 18 టన్నుల హైబ్రిడ్ మొక్కజొన్న విత్తనం. జన్యుమార్పిడి (జీఎం) లేని సాధారణ విత్తనంగా అమ్మడానికి సిద్ధం చేసింది. ఉత్పత్తి చేసిన కంపెనీ చేతిలోని సర్టిఫికెట్ ‘జీఎం కనిపించలేదు’ అంటోంది. కొనేవాళ్లు వేరే ల్యాబ్‌లో చేయించుకున్న పరీక్ష ‘జీఎం ఉంది, అయితే 0.1 శాతం లోపు కాబట్టి ఎంతో లెక్క చెప్పలేం’ అంటోంది. ఇద్దరి మధ్య ఉన్న ఒప్పందంలో ఈ సంగతి మీద ఒకే ఒక్క వాక్యం: విత్తనంలో జీఎం ఉండకూడదు. ఎన్ని గింజల్లో వెతకాలి, ఏ లెక్కలో చెప్పాలి అన్న ఊసే లేదు. లాట్ గోదాములో ఆగిపోయింది, విత్తే కాలం ముంచుకొస్తోంది, రెండు వైపులా టెన్షన్. చివరికి ఇద్దరూ ఒప్పుకుని మూడో ల్యాబ్‌గా మమ్మల్ని పెట్టుకున్నారు. అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: రెండు రిపోర్టుల్లో ఏది తప్పు?

పరీక్ష మొదలుపెట్టే ముందు ఆ రెండు రిపోర్టుల్నీ చివరి పేజీ చివరి లైను దాకా చదివాం. చాలామంది చదవని చోటే అసలు విషయం ఉంటుంది. మొదటి ల్యాబ్ 400 గింజలు తీసుకుని, మొత్తం కలిపి పిండి చేసి పరీక్షించింది. పరీక్షలో లోపం పట్టుకోవడానికి ఏమీ లేదు. కానీ 400 గింజల్లో ఒక్కటీ దొరకలేదంటే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగింది ‘లాట్‌లో జీఎం గింజలు 0.75 శాతానికి మించవు’ అని మాత్రమే. ‘లేవు’ అని కాదు. ఆ 0.75 అంకె సర్టిఫికెట్‌లో ఎక్కడా లేదు. ‘కనిపించలేదు’ అన్న మాట ఒక్కటే పెద్ద అక్షరాల్లో ఉంది.

రెండో ల్యాబ్ కిలో విత్తనం మొత్తం ఆడించి, అందులో జీఎం డీఎన్‌ఏ వాటా కొలిచింది. ఇక్కడ చిక్కు వేరు. ఆ ల్యాబ్ చెప్పిన శాతం జన్యు కాపీల శాతం. గింజల శాతం కాదు. హైబ్రిడ్ మొక్కజొన్న గింజలోకి జీఎం జన్యువు సాధారణంగా తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో, ఒక వైపు నుంచే వస్తుంది. వెయ్యి గింజల్లో అలాంటిది ఒకటుంటే గింజల లెక్కన 0.1 శాతం, కాపీల లెక్కన సుమారు 0.05 శాతం. ఇంకా లోతుకు పోతే ఆ సగం కూడా ఖచ్చితం కాదు. మొక్కజొన్న గింజలో పిండానికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున జీనోమ్ (పూర్తి జన్యు సమాచారం) కాపీలు వస్తాయి. పిండి పదార్థం నిండిన అంకురచ్ఛదానికి మాత్రం తల్లి నుంచి రెండు, తండ్రి నుంచి ఒకటి. కాబట్టి జీఎం జన్యువు పుప్పొడితో వస్తే గింజ మొత్తంలో దాని వాటా సగం కంటే తక్కువ, తల్లి నుంచి వస్తే సగం కంటే ఎక్కువ. రెండో ల్యాబ్ అంకెను గింజల్లోకి మార్చాలంటే ఆ రిపోర్టులో లేని సమాచారం కావాలి.

మాట్లాడుకునేటప్పుడు ఐరోపా సమాఖ్య 0.9 శాతం పరిమితి ప్రస్తావన కూడా వచ్చింది. ఎప్పుడూ వస్తుంది. అది అనుమతి ఉన్న జీఎం రకాల జాడ ఆహారంలో, పశువుల దాణాలో ఉన్నప్పుడు లేబుల్ వేయాలా వద్దా అన్నదానికి పెట్టిన హద్దు. విత్తనానికి అక్కడ అలాంటి హద్దు పెట్టలేదు. దాన్ని పట్టుకొచ్చి విత్తన ఒప్పందానికి అతికించడం కుదరదు.

ప్లాన్

పాత శాంపిళ్ల జోలికి పోలేదు. రెండు పక్షాల సమక్షంలో సర్టిఫైడ్ శాంప్లర్ లాట్ మొత్తం నుంచి కొత్తగా శాంపిల్ తీశాడు, సగం సీలు వేసి పక్కన పెట్టాం. అంతర్జాతీయ విత్తన పరీక్షా సంఘం, మనమంతా ఇస్టా అని పిలిచేది, తన నియమాల్లో 19వ అధ్యాయం జీఎం గింజల పరీక్షకే కేటాయించింది. అది ఫలానా కిట్ వాడు, ఫలానా ప్రైమర్ (వెతికే డీఎన్‌ఏను గుర్తుపట్టే చిన్న ముక్క) వాడు అని శాసించదు. ల్యాబ్ తన పద్ధతి పనిచేస్తుందని నిరూపించుకోవాలంటుంది. ఎన్ని గింజలు, ఎన్ని గుంపులు అన్నది లెక్కేయడానికి సీడ్‌కాల్క్ అనే ఉచిత స్ప్రెడ్‌షీట్ ఉంది. అది లేకపోయినా ఈ లెక్కలు మామూలు కాల్క్యులేటర్ మీద అవుతాయి.

3,000 గింజల్ని 300 చొప్పున పది గుంపులుగా, అంటే పది పూల్స్‌గా విడగొట్టాం. 3,000లో ఒక్కటీ దొరకకపోతే, జీఎం గింజలు 0.1 శాతం లోపేనని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. మరి పది పూల్స్ ఎందుకు? అంతా కలిపి ఒకే పిండి చేస్తే ఉందా లేదా అన్న ఒక్క జవాబే వస్తుంది. విడగొడితే పదిలో ఎన్ని పాజిటివ్ అన్నదాన్నిబట్టి నేరుగా గింజల శాతమే లెక్క కట్టొచ్చు. కాపీలు, పిండం, అంకురచ్ఛదం గోలంతా తప్పుతుంది.

పూల్‌లో గింజలు మరీ ఎక్కువైతే ఒక్క జీఎం గింజ వాటా కనపడనంత పలచబడుతుంది. 300 దగ్గర ఆ భయం లేదు. డీఎన్‌ఏ ముక్కను పదే పదే రెట్టింపు చేసి పట్టుకునే పీసీఆర్ రియాక్షన్ ఒక్కోదానికి వేసే 100 నానోగ్రాముల మొక్కజొన్న డీఎన్‌ఏలో సుమారు 36,700 జీనోమ్ కాపీలుంటాయి. 300 గింజల్లో ఒక్కటి, అదీ ఒక వైపు నుంచే జన్యువు అందుకున్నదైతే 600 కాపీలకు ఒకటి, అంటే రియాక్షన్‌కు అరవై చిల్లర. సగటున మూడు కాపీలున్నా వందలో 95 సార్లు కనీసం ఒకటి ట్యూబులో పడుతుంది కాబట్టి అరవై అంటే దిగుల్లేదు.

ఏ ఫలితాన్ని పాజిటివ్ అంటాం, ఏది అనుమానం, అనుమానం వస్తే ఏం చేస్తాం అన్నది కూడా ముందే రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించాం. ఫలితం చూశాక నియమాలు రాయడం మొదలుపెడితే ఎవరికి కావాల్సిన నియమం వాళ్లు రాస్తారు.

మిల్లు దగ్గర

జీఎం పరీక్ష అనగానే అందరి కళ్లూ పీసీఆర్ మెషిన్ మీదికే పోతాయి. నేను చూసినంతలో ఫలితాలు చెడేది చాలావరకు మిల్లు దగ్గర. లెక్క చూడండి. వెయ్యి గింజల బరువు సుమారు 300 గ్రాములు, కాబట్టి ఒక పూల్ 90 గ్రాములు. అందులోంచి డీఎన్‌ఏ తీయడానికి 200 మిల్లీగ్రాముల పిండి తీసుకుంటే, ఒక జీఎం గింజ వాటా 0.67 మిల్లీగ్రాములు. పిండి ముతకగా ఉండి రేణువు ఒక మిల్లీమీటరు ఉందనుకోండి, ఒక్క రేణువు బరువే మిల్లీగ్రాముకు పైన. అంటే ఆ గింజ తాలూకు ఒక్క రేణువైనా మన ట్యూబులో పడుతుందన్న భరోసా లేదు. రేణువు 0.2 మిల్లీమీటర్లకు దిగితే అరవైకి పైగా పడతాయి. అందుకే సన్నగా ఆడించి జల్లెడ పట్టాం. జల్లెడ మీద మిగిలిన తవుడును పారేయకుండా మళ్లీ ఆడించి అదే పిండిలో కలిపాం. డీఎన్‌ఏకు 200 మిల్లీగ్రాములు కాకుండా ఒక్కో గ్రాము చొప్పున, పూల్‌కు రెండు విడి విడి తీతలు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సన్నటి పిండి ఎగురుతుంది. ముందు పూల్‌లో జీఎం గింజ ఉంటే దాని దుమ్ము తర్వాతి పూల్‌లో పడి లేనిది ఉన్నట్టు చూపిస్తుంది. మా మిల్లులో బ్లేడ్ అడుగున రబ్బరు గ్యాస్కెట్ ఉంటుంది. పైనుంచి చూస్తే జార్ మెరిసిపోతుంటుంది, గ్యాస్కెట్ గోటితో లేపి చూస్తే కింద పసుపు పచ్చగా గీతలా పిండి పేరుకుని ఉంటుంది. ప్రతి పూల్ తర్వాతా దాన్ని ఊడదీసి బ్రష్, వాక్యూమ్, బ్లీచ్ నీళ్లు, మంచినీళ్లు, ఆల్కహాల్ వరసగా కానిచ్చి పూర్తిగా ఆరాకే మళ్లీ బిగించాం. ఆడించే గదికీ పీసీఆర్ కలిపే గదికీ సంబంధం లేదు, కోట్లు కూడా వేరు. నడుమ నడుమ జీఎం లేదని ముందే తేలిన గోధుమ గింజలు ఆడించి ఆ పిండిని కూడా మిగతా శాంపిళ్లతో పాటే చివరి దాకా తీసుకెళ్లాం. మిల్లు శుభ్రంగా ఉందా లేదా అన్నది మన నమ్మకం కాదు, ఆ గోధుమ పిండి చెప్పాలి.

ఈ లాట్‌కు అప్పటికే విత్తనశుద్ధి అయిపోయింది, గింజలన్నీ ఎర్రటి మందు పూతతో ఉన్నాయి. కడగాలా వద్దా అన్నది ఆలోచించాల్సిన విషయమే. పాత రెండు ల్యాబులూ కడగలేదు కాబట్టి మొదటి విడత మేమూ కడగలేదు. డీఎన్‌ఏ తీసే సీటాబ్ పద్ధతిలో 65 డిగ్రీల దగ్గర ఉంచి క్లోరోఫాం పట్టించినా, కొన్ని ట్యూబుల్లో పై పొర లేత గులాబీగానే ఉండిపోయింది. ఆ రంగు పీసీఆర్ ఎంజైమ్‌ను అడ్డుకుంటుందేమో చూడాలి. చూసే పద్ధతి తేలిక. డీఎన్‌ఏను నాలుగింతలు పలచన చేస్తే సిగ్నల్ రెండు సైకిళ్లు, అంటే రెండు విడతల రెట్టింపు, ఆలస్యంగా రావాలి. రెండు తీతల్లో 1.4 సైకిళ్ల తేడానే వచ్చింది. అంటే చిక్కటి డీఎన్‌ఏలో ఏదో అడ్డుపడుతోంది. వాటిని కాలమ్ మీద మరోసారి శుద్ధి చేశాక తేడా రెండుకు చేరింది. ఈ పరీక్ష చేయకుండా వచ్చిన ‘కనిపించలేదు’కు విలువ లేదు. కనపడకపోవడానికి కారణం జీఎం లేకపోవడమా, పీసీఆర్ నడవకపోవడమా అన్నది తెలియదు కాబట్టి.

మూడు సిగ్నళ్లు

ముందు వడపోత కోసం రెండు పరీక్షలు: కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తెచ్చిన 35ఎస్ ప్రమోటర్ (జన్యువును పని మొదలుపెట్టించే స్విచ్), అగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియా నుంచి తెచ్చిన నాస్ టర్మినేటర్ (జన్యువు ముగింపు గుర్తు). చాలా జీఎం పంటల్లో ఈ రెండింటిలో ఒకటైనా ఉంటుంది. ఒక్క 35ఎస్ చూసి వదిలేసే ల్యాబులు ఇప్పటికీ ఉన్నాయి. జీఏ21 అనే మొక్కజొన్న జీఎం రకంలో, మా భాషలో ఈవెంట్‌లో ఆ ప్రమోటర్ లేనే లేదు, వరి నుంచి తెచ్చిన యాక్టిన్ ప్రమోటర్ ఉంటుంది. 35ఎస్ మాత్రమే వెతికేవాళ్లకు అది సాధారణ మొక్కజొన్నే. వీటితో పాటు, మొక్కజొన్న డీఎన్‌ఏ సరిపడా ఉందో లేదో చెప్పే హెచ్‌ఎంజీ జన్యువు పరీక్ష ప్రతి ట్యూబుకూ తప్పనిసరి.

పది పూల్స్‌లో మూడింట్లో 35ఎస్ సిగ్నల్ వచ్చింది: నాలుగు, ఏడు, తొమ్మిది. గోధుమ పిండిలో ఏమీ లేదు. మూడు అని లెక్కేసి రిపోర్టు రాసేయొచ్చు. రాసి ఉంటే ఈ లాట్‌లో జీఎం గింజలు 0.12 శాతం అని వచ్చేది. సిగ్నల్ వచ్చిందా లేదా అన్నదే కాదు, ఎన్నో సైకిల్‌లో వచ్చిందన్నది కూడా చూడాలి.

హెచ్‌ఎంజీ సిగ్నల్ అన్ని పూల్స్‌లోనూ 24వ సైకిల్ దగ్గర వచ్చింది. పూల్‌లో నిజంగా ఒక జీఎం గింజ ఉంటే 600 కాపీలకు ఒకటి అనుకున్నాం కదా. పీసీఆర్ సైకిల్‌కు రెండింతలు చేస్తుంది కాబట్టి 600 రెట్లు తక్కువున్నది 9.2 సైకిళ్లు వెనక రావాలి. పుప్పొడి లెక్కతో అంకురచ్ఛదంలో వాటా తగ్గినా 9.8కి మించదు. అంటే 33, 34 మధ్య రావాలి. నాలుగో పూల్, తొమ్మిదో పూల్ సరిగ్గా అక్కడే వచ్చాయి, రెండు తీతల్లోనూ, ఒకే డీఎన్‌ఏతో పక్కపక్కన నడిపిన అన్ని రెప్లికేట్లలోనూ. ఏడోది 37 దాటాక వచ్చింది, అదీ ఒక రెప్లికేట్‌లో వచ్చి ఇంకోదాంట్లో రాకుండా. ఒక గింజలో ఉండాల్సిన దానికన్నా పది రెట్లకు పైగా తక్కువ. గింజలో పదో వంతు గింజ ఉండదు.

ఈ తేడాను చూసి 9.2 అయితే ఇలా, 9.8 అయితే అలా అని జన్యువు తల్లి నుంచి వచ్చిందా తండ్రి నుంచి వచ్చిందా తేల్చేయాలనిపిస్తుంది. 300 గింజల పూల్‌లో అంత సూక్ష్మం పనికిరాదు. పిండి తూకంలో, ప్రైమర్ల పనితీరులో వచ్చే తేడాలే దాన్ని మింగేస్తాయి.

ఏడో పూల్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. నాలుగు, తొమ్మిదిలో నాస్ టర్మినేటర్ లేదు. ఏడులో బలహీనంగానైనా ఉంది. కాబట్టి అది ఆ రెంటి దుమ్ము కాదు, వేరే సరుకు. మొక్కజొన్నే కాకపోవచ్చని సోయా లెక్టిన్ జన్యువుకు పరీక్ష పెట్టాం. వచ్చింది. 35ఎస్, నాస్ రెండూ ఉన్న సోయా అంటే మొదట గుర్తొచ్చేది కలుపు మందును తట్టుకునే జీటీఎస్ 40-3-2. దాని ఈవెంట్ పరీక్ష కూడా బలహీనంగా పాజిటివ్ చూపింది. అదే శాంపిల్ నుంచి మరో 300 గింజలు తీసి డిటర్జెంట్ నీళ్లలో కడిగాం. కడిగిన నీళ్ల అడుగున తేరిన మడ్డిలో సోయా ఉంది, కడిగిన గింజల పిండిలో లేదు. దుమ్ము మందు పూత మీద ఉందంటే అది విత్తనశుద్ధి తర్వాత, బస్తాల్లోకి ఎక్కే దారిలో పడి ఉండాలి. ఆ ప్యాకింగ్ లైన్ మీద అంతకు ముందు సోయా నడిచిందని కంపెనీ రికార్డుల్లోనే ఉంది.

ముందే రాసుకున్న నియమం ఇక్కడ అక్కరకొచ్చింది: మళ్లీ డీఎన్‌ఏ తీసినప్పుడు నిలకడగా రాని సిగ్నల్‌ను, వేరే పంట దుమ్ముగా రుజువైన దాన్ని, జీఎం గింజగా లెక్కించరాదు. సోయా దుమ్ము మొక్కజొన్న చేనులో మొలవదు. రిపోర్టులో దాన్ని దాచలేదు, వేరే వాక్యంగా రాశాం. ఆహార ధాన్యం పరీక్ష అయితే ఇదే దుమ్ముకు వేరే విలువ ఉండేది.

ఇదే తరహా మోసం ఆవాలు, రేప్‌సీడ్ లాంటి పంటల్లో ఇంకో రూపంలో వస్తుంది. కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ ఆ కుటుంబం మొక్కలకు సహజంగానే సోకుతుంది. మొక్కకు జబ్బు ఉంటే చాలు, 35ఎస్ పాజిటివ్. అక్కడ వైరస్‌కే చెందిన వేరే జన్యువును వెతికి చూడకుండా ముందుకు పోకూడదు.

పేరు పెట్టడం

35ఎస్ ఉంది, నాస్ లేదు అన్న కలయిక వడపోతకు బాగా పనికొస్తుంది. మొక్కజొన్నలో మాన్810, టీ25, టీసీ1507, 59122 లాంటివి అలా ఉంటాయి. వీటిలో చివరి మూడింట్లో కలుపు మందును తట్టుకునే పాట్ జన్యువు ఉంటుంది. మా రెండు పూల్స్‌లో పాట్ లేదు, పురుగును చంపే ప్రొటీన్ జన్యువు క్రై1ఏబీ ఉంది. మార్కెట్ నుంచి ఎప్పుడో తప్పుకున్న బీటీ176ను పక్కన పెడితే ఇక మిగిలింది మాన్810. చొప్పించిన డీఎన్‌ఏ ముక్క మొక్కజొన్న జీనోమ్‌తో అతుక్కున్న చోటును పట్టుకునే ఈవెంట్ పరీక్ష రెండు పూల్స్‌లోనూ దాన్నే ఖాయం చేసింది.

క్రై1ఏబీ దొరికాక కూడా ఆ అతుకు దాకా పోవడం చాదస్తం కాదు. 2005లో బయటపడిన బీటీ10 వ్యవహారం ఈ రంగంలో ఉన్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అనుమతి ఉన్న బీటీ11 బదులు అనుమతి లేని బీటీ10 అమెరికాలో 2001 నుంచి 2004 వరకు విత్తనంగా వెళ్లిపోయిందని సింజెంటా ఒప్పుకుంది. రెండింట్లో తయారయ్యే ప్రొటీన్లు ఒకటే. ప్రొటీన్‌ను పట్టే స్ట్రిప్‌కు రెండూ ఒక్కటే. జీనోమ్‌లో ఎక్కడ కూర్చుంది అన్నదే తేడా చెప్పింది.

ఎంత?

పదిలో రెండు పూల్స్ పాజిటివ్. లెక్క కడితే జీఎం గింజల అంచనా 0.074 శాతం, అంటే పదమూడు వేల చిల్లర గింజలకు పది. 95 శాతం నమ్మకంతో చెప్పే పైహద్దు 0.24 శాతం. రెండు అంకెలూ పక్కపక్కనే రాశాం, ఒకటి రాసి ఇంకోటి వదిలేయడం మా దగ్గర కుదరదు.

ఇప్పుడు పాత రిపోర్టులకు వద్దాం. లాట్‌లో నిజంగా 0.074 శాతం ఉంటే, 400 గింజల శాంపిల్‌లో ఒక్కటీ పడకుండా పోయే అవకాశం నూటికి 74. మొదటి ల్యాబ్‌కు వచ్చింది వచ్చే అవకాశం ఎక్కువున్న జవాబే. అంతెందుకు, మా 3,000 గింజల పరీక్షనే మళ్లీ మళ్లీ చేస్తే నూటికి పదకొండు సార్లు ఏమీ దొరకదు. రెండో ల్యాబ్ విషయానికొస్తే, గింజల లెక్కన 0.074 అంటే కాపీల లెక్కన 0.04 లోపు. వాళ్ల పద్ధతికి కొలవగల కనీస హద్దు 0.1. ‘ఉంది, లెక్క చెప్పలేం’ అన్నది అక్షరాలా నిజం. ఏది తప్పు అన్న ప్రశ్నకు జవాబు: రెండూ తప్పు కాదు.

ఈ జవాబు ఇద్దరికీ నచ్చలేదు. ఉత్పత్తి కంపెనీ క్వాలిటీ మేనేజర్ ఫోన్ చేసి, “సార్, కనీసం ఎక్కణ్నుంచి వచ్చిందో అదన్నా చెప్పండి, మిగతా లాట్లనైనా కాపాడుకుంటాం” అన్నాడు. అది సరైన ప్రశ్న.

ఎక్కణ్నుంచి

గింజను పిండి చేశాక దాని పుట్టుక అడిగే వీల్లేదు. అందుకని సీలు వేసిన సగం నుంచి, అది చాలక కొత్తగా తీసిన శాంపిల్ నుంచి విత్తి 3,600 మొలకలు పెంచాం. ఇరవై మొలకల ఆకు ముక్కలు కలిపి ఒక గుంపు, మొత్తం 180 గుంపులు. మూడు గుంపులు పాజిటివ్ వచ్చాయి. వాటిని విడదీస్తే మూడు మొలకలు. 3,600కి మూడంటే 0.083 శాతం, పిండి లెక్కకు దగ్గరగానే ఉంది. వేరే దారిలో వెళ్లి అదే ఊరికి చేరాం కాబట్టి ఏడో పూల్‌ను వదిలేసినందుకు ధైర్యం పెరిగింది.

కాపీల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే డిజిటల్ పీసీఆర్‌లో మూడు మొలకల్లోనూ మాన్810కీ హెచ్‌ఎంజీకీ నిష్పత్తి సగం. అంటే జన్యువు ఒక వైపు నుంచే వచ్చింది. బయటి జీఎం హైబ్రిడ్ గింజలు బస్తాల్లో కలిశాయా, పొలంలోనే పుప్పొడి కలిసిందా అన్నది మాత్రం దీంతో తేలదు, ఎందుకంటే అమ్మకానికొచ్చే జీఎం హైబ్రిడ్ గింజ కూడా సగమే చూపించొచ్చు. దానికి ఈ హైబ్రిడ్ తల్లిదండ్రుల లైన్లను వేరు చేసే ఎస్‌ఎన్‌పీ మార్కర్లు (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం తేడాలు) చూశాం. బయటి గింజే కలిసి ఉంటే మన ఆడ లైన్ అల్లీళ్లు (ఆ చోట ఉండే డీఎన్‌ఏ రూపాలు) చాలాచోట్ల లేకుండా పోవాలి. మూడు మొలకల్లోనూ ప్రతి మార్కర్ దగ్గరా ఆడ లైన్ అల్లీల్ ఉంది. రెండో అల్లీల్ మాత్రం చాలా మార్కర్ల దగ్గర మన మగ లైన్‌ది కాదు. తల్లి మనదే, తండ్రి పరాయివాడు. బస్తాల్లో కలవలేదు, కంకి మీదే జరిగింది.

బయటి పుప్పొడి ఒక వైపు నుంచే జీఎం జన్యువు అందుకున్న హైబ్రిడ్ నుంచి వచ్చిందనుకుంటే ఇంకో సంగతి కూడా ఉంది. అలాంటి మొక్క పుప్పొడి రేణువుల్లో సగమే మాన్810ను మోస్తాయి. అంటే ఒక జీఎం గింజ దొరికిందంటే, జీఎం జన్యువు లేకుండా అదే పరాయి తండ్రికి పుట్టిన గింజ దాదాపు ఇంకొకటి ఉంటుంది. జీఎం పరీక్షకు అది దొరకదు, చేనులో కేళీగా, అంటే వేరే రకం మొక్కగా, కనపడుతుంది. జన్యుశుద్ధత చూసేవాళ్లకు ఈ మాట విడిగా రాసి పంపాం.

తర్వాత పొలం. ఈ లాట్ రెండు బిన్ల (నిల్వ తొట్ల) సరుకు కలిపి చేసింది. బిన్‌వారీగా దాచిన శాంపిళ్లు అదృష్టవశాత్తూ ఉన్నాయి. పొలం అంచు బ్లాక్ నుంచి వచ్చిన బిన్‌లో పదికి నాలుగు పూల్స్ పాజిటివ్, అంటే 0.17 శాతం. లోపలి బ్లాక్ బిన్‌లో పదికి సున్నా. తల్లిదండ్రుల విత్తనం కూడా ఒక్కోటి 3,000 గింజలు చూశాం, ఏమీ లేదు. మొక్కజొన్న పుప్పొడి బరువైనది, ఎక్కువ భాగం కొన్ని పదుల మీటర్లలోనే రాలిపోతుంది. విత్తనోత్పత్తికి పెట్టే 200 మీటర్ల వేర్పాటు దూరం దాన్ని బాగా తగ్గిస్తుంది, సున్నా చేయదు. తనిఖీ రికార్డులో ఆ అంచు వైపు దూరం సరిపోయినట్టే ఉంది. కాకపోతే ఆ బ్లాక్‌లో తనంతట తాను మొలిచిన ఒకటో రెండో జీఎం మొక్కలు జల్లు తీసేవాళ్ల కళ్లు గప్పి నిలబడ్డా ఫలితం అచ్చం ఇలాగే ఉంటుంది. మార్కర్లు ఈ రెంటినీ విడదీయలేవు. అందుకే రిపోర్టులో ‘అంచు బ్లాక్‌లో పరాయి పుప్పొడి’ అని రాశాం. ‘పక్క పొలం’ అని రాయమని అడిగారు, రాయలేదు.

చివరికి

ఇద్దరూ కూర్చుని ఒప్పందంలో ఆ ఒక్క వాక్యాన్ని తిరగరాసుకున్నారు: గింజల లెక్కన, 95 శాతం నమ్మకంతో, జీఎం గింజలు 0.1 శాతం లోపు ఉండాలి, వేరే పంట దుమ్ము విడిగా నమోదు చేయాలి. పైహద్దు 0.24 కాబట్టి మా చేతికొచ్చిన లాట్ ఆ లెక్కన తప్పింది. దాన్ని విత్తనంగా అమ్మకుండా పక్కన పెట్టేశారు.

అదే పొలం లోపలి బ్లాకుల నుంచి వచ్చిన మరో మూడు లాట్లు పరీక్షకు వచ్చాయి. ఈసారి ఒక్కో లాట్‌కు 6,000 గింజలు, ఇరవై పూల్స్, గింజలు కడిగాకే మిల్లులోకి. రెండు లాట్లలో సున్నా. మూడోదాంట్లో ఇరవైకి ఒక పూల్ పాజిటివ్, మళ్లీ మాన్810, సైకిల్ కూడా గింజ ఉన్న చోటే. అంచనా 0.017 శాతం, పైహద్దు 0.081. కొత్త వాక్యం ప్రకారం లాట్ పాస్. కొనేవాళ్ల తరఫు ఆవిడ రిపోర్టు చూసి, “అంటే ఏమీ కనపడలేదన్న లాట్ ఫెయిల్, మీరు చేతిలో గింజ పట్టుకుని చూపించిన లాట్ పాసా అండీ?” అని అడిగింది. అవునన్నాను. మొదటిది 400 గింజలు చూసి చెప్పిన మాట, ఇది 6,000 చూసి చెప్పిన మాట. ఆవిడ కాసేపు లెక్క వేసుకుని, ఆ లాట్ తీసుకుంది, అయితే సర్టిఫికెట్ మీద దొరికిన ఆ ఒక్క పూల్ సంగతి కూడా రాసి ఇవ్వమంది. రాసిచ్చాం.